ఎర్రజొన్నకు ధర చెప్పేదెవరు?

ఆర్మూరు పక్కన అంకాపూర్ చిన్న ఊరు. ఎర్రజొన్న, మక్క, పసుపు పండిస్తుంది, విత్తనాల వ్యాపారం చేస్తుంది. నాటుకోడి కూర కోసం హైదరాబాద్ నుంచీ జనం వస్తారు. చూసేవాళ్లకు ఆదర్శ గ్రామమే. కానీ ఈ ప్రాంతంలో పంట రైతుది, ధర వ్యాపారిది.

2008లో ఎర్రజొన్న పైసలు అడిగిన ఆర్మూరు రైతులపై పోలీసు తూటాలు పేలాయి. పరాయి పాలన అన్నాం, కొట్లాడినం. 2014లో రాష్ట్రం వచ్చింది, పాత బకాయిలూ తీరాయి. మరి 2019లో రైతులు మళ్లీ రోడ్డెందుకెక్కారు? నిజామాబాద్ లోక్‌సభ బరిలో 185 మంది నిలిస్తే 170 మందికి పైగా రైతులే! 2025లో పసుపు బోర్డు వచ్చింది. బోర్డు కడుపు నింపదు, గిట్టుబాటు ధర నింపుతుంది.

విద్యార్థులారా, ఉద్యోగులారా! రాష్ట్రం తెచ్చుకున్నం. మన పంటకు మనమే ధర చెప్పే రోజు ఇంకా తెచ్చుకోవాలె.