‘పాలు చాలవు’ అను మాట

ఏడ్వనిదే తల్లియైనను పాలియ్యదను సామెతను మనము లోకవ్యవహారమునకు వాడుకొనుచున్నాము. అడిగినవానికే దక్కునని దాని తాత్పర్యము. కాని శిశుపోషణ విషయమున ఈ సామెత అక్షరాల శాస్త్రసమ్మతము. బిడ్డ చన్ను కుడిచినకొలది తల్లి దేహమున ప్రొలాక్టిన్ అను హార్మోను పుట్టి పాలు ఊరును. కుడుచుట తగ్గినచో ఊరుటయు తగ్గును. బిడ్డ కోరుటవలననే పాలు నిండుచున్నవి. ఈ చిన్న సత్యమును మరచుటవలన మన యిండ్లలో జరుగుచున్న నష్టమును గూర్చియే ఈ నాలుగు మాటలు.

ఇటీవల మా బంధువుల యింట ఒక అమ్మాయికి తొలికాన్పు శస్త్రచికిత్సతో జరిగినది. తల్లి యొక గదిలో, బిడ్డ వేరొక గదిలో. “పాలింకను పడలేదు” అని ఎవరో అన్నారు. చూడవచ్చిన పెద్దలు తలలూపిరి. సాయంకాలమునకు పాలపొడి డబ్బా వచ్చినది. కడుపు నిండిన బిడ్డ నిద్రపోయినది. చన్ను పట్టవలసిన వేళకు పట్టలేదు. వారము తిరుగునప్పటికి తల్లికి పాలు నిజముగనే చాలకపోయినవి. పెద్దల మాట నిజమైనది. కాని దానిని నిజము చేసినది తల్లి దేహము కాదు, ఆ డబ్బా.

ఇది యొక యింటి కథయే యైనచో వ్రాయ బనిలేదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున 88.6 శాతము ప్రసవములు ఆసుపత్రులలోనే జరిగినవి. పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగిన శిశువులు మాత్రము 41.8 శాతమే. తెలంగాణమున 60.7 శాతము కాన్పులు శస్త్రచికిత్సలే. ముర్రుపాలు పిండి పారబోసి, తేనె నాకించిన ముత్తవ్వలను మనము అజ్ఞానులంటిమి. వైద్యులు చెంతనుండగా ఆ తొలిగంటను పోగొట్టుకొనుచున్న మనలను ఏమనవలెను? శస్త్రచికిత్స పాలకు అడ్డు కాదు. వెన్నుకు మత్తుమందిచ్చిన తల్లి స్పృహలోనే యుండును. బిడ్డను రొమ్మున పట్టి యుంచుటకు ఒక నర్సు చేయి సాయమున్న చాలును.

ముర్రుపాలు కొలదిగనే వచ్చును. నవజాత శిశువు కడుపును చిన్నదే. రోగములను ఎదిరించు శక్తి ఆ కొన్ని చుక్కలలో గలదు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీరైనను అక్కరలేదనియు, పిదప ఆహారముతోబాటు రెండేండ్లును, ఆపైనను పాలియ్యవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇందువలన బిడ్డకు విరేచనములు, న్యుమోనియా తగ్గును. తల్లికి రొమ్ము, అండాశయ క్యాన్సరుల భయము తగ్గును.

అట్లని పాలపొడి విషము కాదు. తల్లిని కోల్పోయిన బిడ్డకు, గెలాక్టోసీమియా అను జన్మవ్యాధి గల బిడ్డకు (గెలాక్టోసు లేని ప్రత్యేకపు పొడి యైనచో), తల్లి క్యాన్సరు మందులు వాడుచున్న బిడ్డకు అది ప్రాణాధారము. కాని ఆ పొడి సూక్ష్మజీవులు బొత్తిగా లేనిది కాదు. 70 డిగ్రీలకు తగ్గని వేడినీటిలో, చెప్పిన కొలతకు కలిపి, చల్లార్చి పట్టవలెను. రెండు గంటలు మించినది పారబోయవలెను. డబ్బాను నెల పొడుగున సాగదీయవలసిన పేద యింట నీరు పెరిగి బిడ్డ కృశించును. మూలమూలలను కడుగరాని సీసాకన్న మన ఉగ్గుగిన్నెయే మేలు.

డబ్బాపాల వలని శిశుమరణములను గూర్చి డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1939లో సింగపూరున నిష్కర్షగా ప్రసంగించినది. మన దేశమున 1992లో చట్టము వచ్చినది. 2003లో మరింత బిగిసినది. రెండేండ్ల లోపు శిశువుల పాలపొడులకు ప్రకటనలు నిషిద్ధములు. ప్రకటనల నోరు చట్టము మూయించినది. చుట్టపుచూపుగా వచ్చి “పాలు చాలవు” అను మన నోరు ఎవరు మూయింతురు?

తల్లిని నిందించుట నా యుద్దేశము కాదు. 2017 నాటి సవరణవలన ప్రసూతి సెలవు 26 వారములైనది. కాని వరినాట్లకు పోవు కూలితల్లికి, ఇండ్లలో అంట్లు తోము తల్లికి ఆ సెలవిచ్చువా రెవరు? పాలియ్యమని ఉపదేశించు సంఘము పాలిచ్చుటకు తీరికను, చాటును గూడ ఈయవలెను.

అంతవరకు మన చేతిలోనున్న పనియైనను చేయుదము. తొలివారము గడచిన బిడ్డ దినమునకు ఆరుసార్లైనను గుడ్డలు తడుపుచు, తూకము పెరుగుచున్నచో పాలు చాలుచున్నవనియే అర్థము. తూకము పెరుగనిచో వైద్యుని చూపవలెను. బిడ్డ ఏడ్చినంతమాత్రమున డబ్బా మూత తీయక, ముందుగా తల్లి యొడికి అందించుడు. ఆమెకు వేళకింత అన్నము పెట్టి, ధైర్యము చెప్పుడు.