పాలసీలో ఆ ఒక్క వాక్యం

హైదరాబాద్‌లో ఉప్పుగూడ రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలో మా పెద్దమ్మ ఇల్లు. బోనాలప్పుడు వీధి చివర డప్పు మొదలవగానే అందరికంటే ముందు గడపలోకి వచ్చేది ఆమే. పక్కన కూర్చున్న మనవరాలు "నానమ్మా, సల్ల పోయనా?" అంటే మాత్రం ఉలకదు, పలకదు. "డప్పు ఇనవడ్తది గానీ మనం పిలిస్తే ఇనవడదట" అని ఇంట్లో విసుక్కునేవాళ్ళు. కావాలనే చేస్తోందని చాలాకాలం అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

వయసుతో వచ్చే వినికిడి లోపం తీరే అంత. ముందుగా పోయేవి సన్నటి శబ్దాలు. డప్పు మోత, రైలు చప్పుడు అందుతూనే ఉంటాయి. పిల్లల గొంతు, మాటల్లోని స, త, ప, క లాంటి అక్షరాలు జారిపోతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. పాలు, కాలు ఒకటే అయిపోతాయి. రెండుసార్లు అడిగితే మనం విసుక్కుంటాం, మూడోసారి ఆమే అడగడం మానేస్తుంది. ఆ మానేయడాన్ని మనం పెద్దరికం అనుకుంటాం.

డాక్టరు రెండు చెవులకూ మిషన్లు పెట్టించమన్నారు. కొడుకు పదేళ్ళుగా ప్రీమియం కడుతున్న పాలసీ ఉంది. ఆ ధైర్యంతో కొని, బిల్లులు పంపాడు. కళ్ళద్దాలు, కాంటాక్ట్ లెన్సులు, హియరింగ్ ఎయిడ్లు పరిధిలోకి రావని కంపెనీ ఒక్క వాక్యంలో జవాబిచ్చింది. అప్పు చేసి కొన్నారని తెలిసి పెద్దమ్మ, "వాపస్ ఇచ్చెయ్ బిడ్డా, ఇంక ఎన్నొద్దులుంట? ఆ పైసలు పోరని ఫీజుకు కట్టుండ్రి" అంది. ఆ మాటతో ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. మనం పీల్చుకున్న ఆ ఊపిరి గురించే ఈ నాలుగు మాటలు.

ఆ వాక్యం ఒక్క కంపెనీది కాదు, మన దేశంలో ప్రైవేటు ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావాటిలో ఉంది. మన బీమా ఆస్పత్రి మంచం చుట్టూ అల్లుకున్నది. చేరాలి, పడుకోవాలి, డిశ్చార్జి కాగితం రావాలి. చెవి మిషన్‌కు మంచం అక్కర్లేదు, కుర్చీలో కూర్చోబెట్టి అమర్చుతారు. గుండెలో పెట్టే పేస్‌మేకర్‌కు, శుక్లం తీసి కంట్లో పెట్టే లెన్సుకు, మార్చిన మోకాలి చిప్పకు డబ్బు వస్తుంది. చర్మం లోపలికి వెళితే వైద్యం, చెవి వెనక తగిలించుకుంటే సరుకు. ఈ గీత గీసింది వైద్యశాస్త్రం కాదు. రెండు చెవులకు మంచి డిజిటల్ మిషన్లంటే పదుల వేల నుంచి లక్ష దాటి పోతుంది. కొన్నేళ్ళకు మళ్ళీ మార్చాలి.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. పుట్టుచెవుడున్న పసిపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చి, లక్షల ఖరీదైన ఆ శస్త్రచికిత్సను పేద ఇళ్ళకు చేర్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. పేద వృద్ధులకు చెవి మిషన్లు, చేతికర్రలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. ఈఎస్ఐ కార్డుంటే మిషన్ ఇస్తారు. సీజీహెచ్‌ఎస్ కేంద్ర ఉద్యోగులకు, పెన్షనర్లకు ఒక పరిమితి వరకు ఖర్చు తిరిగి ఇస్తుంది. కోఠిలో ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపాల కోసం ఉన్న అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళకు వినపడడం లేదనుకుంటే ముందు అక్కడికి తీసుకెళ్ళండి.

వీటన్నిటి మధ్యనుంచి జారిపోయేవాళ్ళే ఎక్కువ. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం ఉంటే తప్ప వినికిడి వైకల్యం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం మెరుగైన చెవిలో 35 దాటితే చాలు, బతుకును దెబ్బతీసే లోపమని లెక్కవేసి, అలాంటివాళ్ళు ప్రపంచంలో 43 కోట్ల మంది ఉన్నారని 2021 నివేదికలో చెప్పింది. మా పెద్దమ్మది 50. చట్టానికి ఆమె వికలాంగురాలు కాదు, బీమాకు రోగి కాదు. కొడుక్కి చిన్న దుకాణం ఉంది కనుక పేదల పథకానికీ అందదు.

వయసు అందరికీ వస్తుంది, అందరూ అడిగితే ప్రీమియం పెరుగుతుందని కంపెనీలు అంటాయి. ఆ మాటలో నిజం ఉంది. అయితే ఒక పరిమితి పెట్టండి, ఇన్నేళ్ళకొకసారి అనండి, సీజీహెచ్‌ఎస్ చేస్తున్నది అదే కదా. ఇవ్వకూడదని ఏ చట్టమూ కంపెనీల చేతులు కట్టలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీని ప్రభుత్వమే వదులుకుంది. ఆ మిగులులో చెవికి కొంచెం చోటివ్వమని అడగడానికి ఇంతకంటే మంచి సమయం ఏది?

ఎవరిని అడగాలో వెతుక్కుంటూ ఢిల్లీ పోనక్కర్లేదు. దేశమంతటి బీమాకు నియమాలు రాసే ఐఆర్‌డీఏఐ మన ఊళ్ళోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. ఇదే ఉప్పుగూడ స్టేషన్ మీదుగా ఎంఎంటీఎస్ హైటెక్ సిటీ దాకా పోతుంది. ఆ రైల్లో రోజూ ఎందరో ఆఫీసులకు పోతారు. మీ కంపెనీ గ్రూప్ పాలసీ తీసుకునేటప్పుడు తల్లిదండ్రుల చెవి మిషన్లు కూడా చేర్చమని హెచ్ఆర్‌ను ఎంతమంది అడిగారు? ఆఫీసు క్రికెట్ టోర్నమెంట్ కోసం సంతకాలు పెట్టించిన చేతులే కదా మనవి.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీకి ఫిర్యాదు రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా లక్డీకాపూల్ దగ్గర బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. పాలసీలో మినహాయింపు స్పష్టంగా రాసి ఉంటే అక్కడ గెలవడం కష్టమే. ఐనా ఫిర్యాదు నమోదైతే లెక్కలోకి వస్తుంది. అడగని బాధ ఏ ఫైలులోనూ ఉండదు.

ఇంకొకటి, ఇది కంపెనీల తప్పు కాదు, మనది. "చెవిటి మేళం" అని నవ్వే నోళ్ళు మనవే. సినిమాలో ముసలాయన ఒకటి వింటే ఇంకొకటి చెబుతుంటే పడీపడీ నవ్వింది మనమే. కళ్ళజోడు పెట్టుకుంటే చదువుకున్నవాడన్నాం, చెవికి మిషన్ పెట్టుకుంటే అయ్యో పాపం అన్నాం. పెళ్ళిచూపుల రోజు ఆ మిషన్ తీసేయమన్న ఇళ్ళు నాకు తెలుసు. పాలసీలో వాక్యాన్ని రాసినవాడికి ధైర్యమిచ్చింది మన నవ్వే.

మిషన్లు వాపస్ ఇవ్వనివ్వలేదు. మొదటిరోజు పెద్దమ్మ కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడింది, మిక్సీ ఆపమని కసురుకుంది. అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు మనవరాలు వంటింట్లోంచి పిలిచినా "వస్తున్ననే" అంటోంది. వచ్చే నెల ఆ పాలసీ రెన్యువల్. హియరింగ్ ఎయిడ్లకు ఏ షరతుల మీద డబ్బిస్తారో చెప్పమని కంపెనీకి ఉత్తరం రాసి, నానక్‌రామ్‌గూడకు ఒక కాపీ పెట్టాం. కింద మా వీధిలో పదకొండు ఇళ్ళవాళ్ళు సంతకం చేశారు, పన్నెండోది పెద్దమ్మ వేలిముద్ర.