అణు భద్రత బోర్డుకు స్వేచ్ఛ ఇవ్వండి, ఆ బోర్డు చేత ప్రజలకు జవాబు చెప్పించండి

రాయచూరు జిల్లా ప్రజలారా! సింధనూరు, మాన్వి క్యాంపుల రైతు సోదరులారా! శక్తినగర్, హట్టి కార్మిక మిత్రులారా! అక్కలారా, విద్యార్థులారా!

అణుశక్తి గొడవ మనకెందుకని చాలామంది అంటున్నారు. కైగా ఎక్కడో కార్వార్ వైపు అడవిలో ఉంది, కల్పాక్కం తమిళనాడు సముద్రం ఒడ్డున ఉంది, మనకేం సంబంధం అంటున్నారు. సంబంధం ఉంది. చెయ్యి విరిగితే తీసే ఎక్స్‌రేలో ఉన్నది రేడియేషనే. తలకు దెబ్బ తగిలితే చేసే సీటీ స్కాన్‌లో ఉన్నదీ అదే. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్ గొట్టాల అతుకులు పరీక్షించడానికి ఇరిడియం-192 వాడతారు. గోరంత కూడా ఉండని ఆ ముక్క పెట్టె దాటి బయటపడితే పట్టుకున్న చెయ్యి కాలిపోతుంది. ఇక పొరుగున యాదగిరి జిల్లా షహాపూర్ తాలూకాలోని గోగి నేల కింద యురేనియం ఉంది. దాన్ని తవ్వాలన్న ప్రతిపాదన చాలా ఏళ్ళుగా నడుస్తోంది. అక్కడ పడ్డ వాన భీమా, కృష్ణా లోయల్లోకి దిగుతుంది. ఆ భీమ మన రాయచూరు తాలూకా పైభాగాన కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ నీళ్ళే మనలో చాలామంది తాగుతున్నాం.

వీటన్నిటి మీదా నిఘా పెట్టవలసిన సంస్థ దేశం మొత్తానికి ఒక్కటే. అది అణుశక్తి నియంత్రణ బోర్డు, ఏఈఆర్‌బీ. రియాక్టరు కట్టాలన్నా, నడపాలన్నా, ఎక్స్‌రే యంత్రం పెట్టాలన్నా దాని అనుమతి కావాలి. రేడియేషన్ మధ్య పనిచేసే కార్మికుడికి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, సామాన్యుడికి ఏడాదికి 1 మిల్లీసీవర్టు దాటకూడదని హద్దు పెట్టిందీ అదే. ఇంత బరువు మోసే బోర్డు ఎవరి కింద ఉంది, ఎవరికి జవాబు చెబుతుంది? ఈ కరపత్రం అడిగే ప్రశ్న అదే.

1983 నవంబరు 15న రాష్ట్రపతి ఉత్తర్వుతో ఈ బోర్డు ఏర్పడింది. అది లెక్క చెప్పవలసింది అణుశక్తి సంఘానికి. ఆ సంఘం అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. రియాక్టర్లు నడిపే న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్, యురేనియం తవ్వే యురేనియం కార్పొరేషన్ కూడా ఆ శాఖవే. సింధనూరులో వడ్లు కొనే సేటే కాటా పట్టుకుని, తూకం సరిగ్గా ఉందని తనే చీటీ రాసిస్తే మనం ఒప్పుకుంటామా? నలభై ఏళ్ళు అణు భద్రత ఇలాగే నడిచింది.

ఈ మాట మన ఒక్కరిదే కాదు. 2012లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తన నివేదికలో ఈ బోర్డు స్వతంత్రంగా లేదని, కింది స్థాయి సంస్థగానే మిగిలిందని తేల్చింది. దేశంలోని 57,443 ఎక్స్‌రే యంత్రాల్లో 52,173 రిజిస్ట్రేషన్ లేకుండానే నడుస్తున్నాయని లెక్కకట్టి చెప్పింది. అంటే నూటికి 91. నిబంధన మీరితే వేయగలిగిన జరిమానా 500 రూపాయలని కూడా చూపించింది. 2015లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణులు వచ్చి, బోర్డు స్వతంత్రతను చట్టంలోనే రాయాలని సిఫారసు చేశారు. అంతకుముందే, 2011లో, అణు భద్రతకు కొత్త సంస్థ పెడతామని లోక్‌సభలో ఒక బిల్లు పెట్టారు. అది 2014లో సభతోపాటే మురిగిపోయింది.

2025 డిసెంబరులో పార్లమెంటు శాంతి (SHANTI) అనే కొత్త అణుశక్తి చట్టాన్ని ఆమోదించింది. 1962 నాటి అణుశక్తి చట్టం పోయి ఇది వచ్చింది. బోర్డుకు మొదటిసారి చట్టబద్ధ హోదా దక్కింది. మంచిదే, స్వాగతిస్తున్నాం. కానీ అదే చట్టం అణు విద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలకూ తలుపు తెరిచింది. బోర్డు సభ్యులను ఎంచే కమిటీని వేసే అధికారం మాత్రం మళ్ళీ అణుశక్తి సంఘం చేతిలోనే పెట్టింది. ప్రభుత్వం రహస్యమని ప్రకటించిన సమాచారం ఆర్టీఐకి అందదని కూడా రాసింది. పని పెరిగింది, కంపెనీలు పెరగబోతున్నాయి. కాపలా కాసేవాణ్ణి ఎంచే చెయ్యి మాత్రం మారలేదు.

పెంచేవాళ్ళనూ పరీక్షించేవాళ్ళనూ వేరు చేయాలని మిగతా దేశాలు ఎప్పుడో గ్రహించాయి. అమెరికా 1974లో తన అణుశక్తి కమిషన్‌ను చీల్చి, నియంత్రణకు వేరే కమిషన్ పెట్టింది. జపాన్ ఆలస్యం చేసింది. అణు విద్యుత్తును ప్రోత్సహించే మంత్రిత్వ శాఖ కిందే నియంత్రణ సంస్థను ఉంచుకుంది. 2011లో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగింది. అది మనుషులు చేసిన విపత్తని వాళ్ళ పార్లమెంటు వేసిన సంఘమే చెప్పింది. 2012 సెప్టెంబరులో స్వతంత్ర సంస్థ ఏర్పడేటప్పటికి లక్షమందికి పైగా ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు.

మన రాష్ట్రం సంగతే చూడండి. 1994 మే 13న కైగాలో కడుతుండగానే మొదటి రియాక్టరు లోపలి గుమ్మటం కాంక్రీటు పెచ్చులుగా ఊడి కూలింది. అది కట్టే దశలో జరిగింది కాబట్టి రేడియేషన్ బయటికి రాలేదు. డిజైను మళ్ళీ పరీక్షించి, మార్చి కట్టాక 2000లో ఆ యూనిట్ విద్యుత్తు ఇచ్చింది. అదే యూనిట్ 2018 చివర్లో 962 రోజులు ఆగకుండా నడిచి ప్రపంచ రికార్డు సాధించింది. గట్టిగా పరీక్షించడం పరిశ్రమకు శత్రుత్వం కాదని కైగాయే చెబుతోంది. మన ఇంజనీర్ల ప్రతిభ మీద మాకు అనుమానం లేదు. ఎవరి పని వాళ్ళే పాస్ చేసుకునే పద్ధతి మీదే మా అభ్యంతరం.

ఇప్పుడు కడప జిల్లా తుమ్మలపల్లె చూడండి. యురేనియం శుద్ధి వ్యర్థాలు నింపే చెరువు వల్ల బోరు నీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. యురేనియం కార్పొరేషన్ కాదంది. 2019లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థకు షోకాజ్ నోటీసు ఇచ్చింది. గని రాకముందు ఏ బోరులో ఏముందో బయటివాళ్ళు పరీక్షించి, ఆ కాగితం పంచాయతీ గోడకు అంటించి ఉంటే ఈ తగువు ఇంతకాలం సాగేదా? ఇద్దరూ నమ్మే మూడో మనిషి లేకపోతే నిజం రైతుకూ తెలియదు, సంస్థకూ మాట దక్కదు. గోగి విషయంలో మనకు ఇంకా సమయం ఉంది. ఆ కాగితం ముందే రాయించుకోవాలి.

కాబట్టి మేము కోరుతున్నవి ఇవి:

1. బోర్డు సభ్యులను ఎంచే కమిటీని అణుశక్తి సంఘం వేయకూడదు. అందులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి, ప్రతిపక్ష నాయకుడు, అణుశక్తి శాఖతో సంబంధం లేని శాస్త్రవేత్తలు ఉండాలి.

2. బోర్డుకు సొంత నిధులు, సొంత పరీక్షకులు ఉండాలి. ఏటా దాని నివేదిక మీద పార్లమెంటులో చర్చ జరగాలి.

3. రక్షణ రహస్యం వేరు, ప్రజారోగ్యం వేరు. నీళ్ళు, గాలి, కార్మికుల మీద పడ్డ రేడియేషన్ లెక్కలు ఎప్పటికీ రహస్యం కాకూడదు. తనిఖీ నివేదికలు కన్నడంలో, తెలుగులో అందరికీ అందాలి.

4. మన ప్రాంతంలో యురేనియం గని గానీ అణు కేంద్రం గానీ తలపెడితే, ముందుగా చుట్టుపక్కల బావులు, బోర్లు, మట్టిని స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్షించి ఫలితాలు గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ తర్వాతే ప్రజాభిప్రాయ సేకరణ.

5. దక్షిణాది రాష్ట్రాల కోసం బోర్డు ప్రాంతీయ కేంద్రం చెన్నైలో ఉంది. కల్యాణ కర్ణాటకకు రాయచూరులో గానీ కలబురగిలో గానీ తనిఖీ కార్యాలయం పెట్టాలి.

6. పాత యంత్రాల్లోని రేడియేషన్ ముక్కలు పాత ఇనుము కొట్లకు చేరకుండా నిఘా ఉండాలి. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత యంత్రంలోని కోబాల్ట్-60 మాయాపురి తుక్కు బజారుకు చేరి ఒక కార్మికుడి ప్రాణం తీసింది. మన తుక్కు పనివాళ్ళ ప్రాణాలూ అంతే విలువైనవి.

ఢిల్లీ కదిలేదాకా మనం ఊరకే కూర్చోనక్కర్లేదు. ఈ వారం నుంచే చేయదగ్గ పనులు ఉన్నాయి. ఎక్స్‌రేకు వెళితే గోడ మీద ఏఈఆర్‌బీ లైసెన్సు ఉందో లేదో చూడండి, కనబడకపోతే అడగండి. తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతోందా? తీసేటప్పుడు తలుపు మూస్తున్నారా? పసిబిడ్డను పట్టుకోవడానికి మిమ్మల్ని లోపల ఉండమంటే సీసపు ఏప్రన్ ఇవ్వమనండి. కడుపుతో ఉంటే ముందే చెప్పండి. అక్కడ పనిచేసే కుర్రాడి జేబుకు డోసు కొలిచే బ్యాడ్జి ఉందేమో గమనించండి. అది అతని హక్కు. కాంట్రాక్టు కార్మికులారా, అతుకుల పరీక్ష జరిగేటప్పుడు కట్టిన తాడు దాటకండి, తాడు కట్టకుండా పని మొదలుపెడితే ఆపించండి.

వచ్చే గ్రామసభలో ఈ ఆరు కోరికల మీద తీర్మానం పెట్టండి. దాని నకలు జిల్లాధికారికి, ఎమ్మెల్యేకి, ఎంపీకి పంపండి. ఓట్లకు వచ్చే ప్రతి పార్టీ అభ్యర్థినీ ఒకటే అడగండి: అణు భద్రత బోర్డును అణుశక్తి శాఖ నీడ నుంచి బయటికి తెస్తావా, లేదా? సూటిగా జవాబు చెప్పినవారికే మీ ఓటు అనండి.

మనకు కరెంటు కావాలి. మన నీళ్ళకు, మన పిల్లలకు భద్రతా కావాలి. రెండూ కావాలంటే కాపలా కాసే బోర్డు ప్రభుత్వ శాఖకు కాక ప్రజలకు జవాబు చెప్పాలి. చదివి, పక్కవారికి ఇవ్వండి. తీర్మానానికి కదలిరండి!