జెర్బిల్‌కు మందు పట్టేటప్పుడు

పుదుచ్చేరి ఇందిరా నగర్ వంటి చోట పెరిగే జెర్బిల్‌కు సముద్రపు తేమ సరిపడదు. ఈ చిన్న మూషిక జాతి జంతువు పుట్టిల్లు మంగోలియా పొడినేల. తేమకు దాని బొచ్చు చిక్కుపడి నిగారింపు కోల్పోతుంది.

అది మేత మాని ముడుచుకున్నదని ఇంటనున్న మాత్ర చితిపి పట్టరాదు. దాని బరువు సాధారణంగా 60 నుండి 100 గ్రాములే! మనుషులకు క్షయవ్యాధిలో వాడే స్ట్రెప్టోమైసిన్ దాని ప్రాణం తీయవచ్చు. కురుంబపేట పశువైద్య కళాశాలలో చూపించి, తూకాన్నిబట్టి మోతాదు తెలుసుకోవాలి.

తోక పట్టుకొంటే చర్మం ఊడివస్తుంది. అందుచేత మెత్తని గుడ్డలో చుట్టి, సూది లేని సిరంజితో నోటి పక్కనుండి చుక్కచుక్కగా వేయాలి. ఉగ్గుగిన్నె ఇక్కడ పనికిరాదు. ప్రతి చుక్కా మింగేదాకా ఆగాలి. తొందరపడితే మందు ఊపిరితిత్తులలోకి పోతుంది. ఎక్కువైన మందును కక్కివేయడం కూడ ఈ జాతికి చేతకాదు.