ఇంట్లో పెట్టిన ధాన్యం తడిసింది

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మనకి సార్వా కోతల టైము. ఏ కళ్లం చూసినా బరకాలు కప్పిన రాశులే. మేం మాత్రం ముందురోజే ఓ నలభై బస్తాలు ఇంటికి తోలించి, తూర్పు గదిలో కిటికీ వారగా పేర్చేశాం. ఇక బెంగ లేదనుకుని పడుకున్నాం. తెల్లారి చూస్తే కింద వరస బస్తాలు తడిసి ముద్దయ్యాయి. శ్లాబు కారలేదు, గుమ్మంలోంచి నీళ్లు రాలేదు. ముచ్చటపడి పెట్టించుకున్న పెద్ద స్లైడింగ్ కిటికీలోంచి వచ్చాయి. కళ్లంలో బరకం కింద వదిలేసిన ధాన్యమే నయం. ఇంట్లోవి నాలుగో రోజుకి మొలకెత్తాయి.

అద్దం పగల్లేదండి. గీత కూడా పడలేదు. అందుకే ఇదంతా రాస్తున్నా.

ఏలూరులోనో గూడెంలోనో కిటికీల షాపుకి వెళ్తే మనం అడిగేవి మూడే. అద్దం ఏ రంగు, ఎంత మందం, అడుగు ఎంత. ఆ చట్రాన్ని గోడకి దేంతో బిగిస్తారని ఎంతమంది అడుగుతున్నాం? నేనూ అడగలేదు. నా మాట ఒక్కటే. కిటికీ బలం అద్దంలో కంటే అది గోడని పట్టుకునే చోటే ఎక్కువ ఉంటుంది. డబ్బులు అక్కడ పెట్టండి.

"సముద్రం ఎక్కడో ఉంది, మనకెందుకు" అంటారు. ఇళ్ల మీద గాలి ఒత్తిడి లెక్కకి మన దేశంలో ఐఎస్ 875 మూడో భాగం అని ఒక ప్రమాణం ఉంది. అందులో విశాఖకీ విజయవాడకీ ఒకటే అంకె, సెకనుకి 50 మీటర్లు. అంటే గంటకి 180 కిలోమీటర్లు. సముద్రం కనపడని విజయవాడకే అంత రాస్తే, దాని పక్కనే ఉన్న మనం ఏ ధైర్యంతో ఊరుకుంటాం? ఆ వేగంలో నాలుగడుగుల చదరం కిటికీ మీద పడే తోపు సుమారు 225 కిలోలు. మన లెక్కలో మూడు ధాన్యం బస్తాలు. ఆ మూడు బస్తాల్నీ నాలుగు మరమేకులూ కాస్త తెల్ల సిమెంటూ ఆపాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో పెద్ద పెద్ద భవనాల అద్దాలే రాలిపోయాయి.

ఇంకో సంగతి, దిక్కు. తుఫాను మనకి దక్షిణాన, బాపట్ల వైపు తీరం దాటితే మనకి గాలి ఈశాన్యంతో మొదలై తూర్పుకీ, ఆగ్నేయానికీ తిరుగుతుంది. అంటే దెబ్బంతా తూర్పు గోడకే. మనకి ఉత్తరాన, కాకినాడ వైపు దాటితే పడమటి గోడకి. మనమేమో వాస్తు ప్రకారం పెద్ద కిటికీలన్నీ తూర్పునే పెట్టుకుంటాం. పెట్టొద్దని నేననను. వెలుతురు కావాలి, గాలి కావాలి. కానీ ఆరడుగుల స్లైడింగ్ ఒకటి పెట్టే బదులు మూడడుగులవి రెండు పెట్టుకోండి. వెలుతురు అంతే వస్తుంది, ఒక్కోదాని మీద తోపు సగమవుతుంది.

తాతల నాటి మండువా ఇళ్లలో ఈ గొడవ ఎందుకు లేదంటే, కిటికీకీ వానకీ మధ్య అరుగూ వసారా ఉండేవి. ఇప్పుడు వసారా గదిలో కలిసిపోయింది. ఎలివేషన్ బాగోదని సజ్జ కూడా తొమ్మిది అంగుళాలకి కోసేస్తున్నాం. కనీసం రెండడుగుల సజ్జ ఉంచండి. ఏటవాలు జల్లుని అది పూర్తిగా ఆపదు గానీ మామూలు ముసురుకి చాలు.

ఇక పని దగ్గరికొస్తే, మా కిటికీలో జరిగింది రెండు తప్పులు. ఒకటి, స్లైడింగ్ కిటికీకి కింద గాడి ఉంటుంది. అందులో చేరిన నీళ్లు బయటికి పోవడానికి చిన్న కంతలుంటాయి. మావి ప్లాస్టరింగులో పూడిపోయాయి. కంతలు బాగున్నా గాలి గట్టిగా నెడితే నీళ్లు బయటికి పోలేక లోపలికే పొంగుతాయి. అందుకే గాలి కొట్టే వైపు బయటికి తెరుచుకునే రెక్కలే మేలంటాను. గాలి నెట్టేకొద్దీ రెక్క చట్రానికి అతుక్కుంటుంది. చుట్టూ రబ్బరు ఉండాలి, పైనా కిందా గడియలుండాలి. గాలి తిరిగి బయటికి లాగినప్పుడు ఒక్క గడియ ఆగదు.

రెండు, చట్రానికీ గోడకీ మధ్య సందుని తెల్ల సిమెంటుతో పూడ్చారు. ఎండకి చట్రం సాగుతుంది, సిమెంటు సాగదు, బీట వస్తుంది. అక్కడ లోపల ఫోమ్, బయట వానకి ఆగే సిలికాన్ పెట్టించాలి. చట్రాన్ని మూలల దగ్గరా, మధ్యలో రెండేసి అడుగులకీ యాంకర్ బోల్టులతో గోడలోకి బిగించాలి. కిటికీ అడుగు గట్టు బయటికి వాలుగా ఉండాలి. యూపీవీసీ అయితే లోపల ఇనుప పట్టీ ఉందో లేదో కోసిన ముక్క చూపించమనండి. కొల్లేటి ఊళ్లలో, చెరువుల మధ్య చెమ్మకి ముందు తుప్పు పట్టేది మరమేకే. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. నరసాపురం, మొగల్తూరు వైపు ఉప్పుగాలికి 316 కావాలి.

తప్పంతా పనివాడిదే అనను. అడుగుకి ఇంత తగ్గించమని గీచి గీచి బేరమాడింది నేనే. ఆ తగ్గింపు ఎక్కడ కోసుకుంటాడు? మనకి కనపడని చోటే.

అందుకని చివరి డబ్బు ఇచ్చే ముందు ఒక పని చేయండి. మోటారు పైపు పట్టుకుని బయటనుంచి కిటికీని పావుగంట తడపండి. ముందు కింద గట్టు, తర్వాత పక్కలు, ఆఖరున పైన. అప్పుడు ఏ ఎత్తులో కారుతోందో తెలుస్తుంది. లోపల ఒక మనిషి పొడిగుడ్డతో నిలబడాలి. చుక్క వచ్చిందా, సరిచేశాకే మిగతా డబ్బు.

మేం పోయినేడు ఆ తూర్పు కిటికీ పీకించి రెండు చిన్నవి పెట్టించాం. పైపుతో తడిపితే ఒకదాని మూల చుక్క కారింది, మళ్లీ సిలికాన్ వేయించాం. ఇంటికి అందం తగ్గిందని చుట్టాలు అంటున్నారు. అననివ్వండి. ఈ కోతలకి కూడా బస్తాలు ఆ గదిలోనే వేస్తా.