విప్పకుండానే తీర్పా?

జెట్ స్కీ ఇంజిన్ పట్టేసిందంటే చాలు, అమెరికాలో మనవాళ్ల నోట ఒకటే ప్రశ్న: "బాగుచేయించాలా, మార్చేయాలా?" ఆ ప్రశ్నే తప్పంటాను నేను. ముందు అడగాల్సింది వేరే ఉంది. దాన్ని చంపిందేమిటి? అది తేలకుండా బాగుచేయించినా చేతి చమురు వదలడమే, మార్చినా వదలడమే. కానీ ఆ మాట అడిగే ఓనరు కనపడడు, అడక్కముందే చెప్పే షాపూ కనపడదు. కౌంటర్ అవతల ఉన్నాయన సీటైనా ఎత్తకుండా కంప్యూటర్‌లో ధర చూసి చెప్తాడు. ఇవతల మనవాడు కార్డు తీసిస్తాడు. పోస్టుమార్టం లేకుండానే అంత్యక్రియలు పూర్తి!

డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఎండాకాలం వస్తే లూయిస్‌విల్ సరస్సే దిక్కు. నలుగురు స్నేహితులు కలిసి పాత బండొకటి కొంటారు. సీటు చిరిగిందా, రంగు వెలిసిందా అని చూస్తారు తప్ప కంప్రెషన్ చూడరు. మా వీధిలో ఒకాయన బండి అలా కొన్నదే. నడిసరస్సులో ఆగిపోతే షాపుకు తోలుకెళ్లాడు. "ఇంజిన్ పోయింది, మార్చాలి" అన్నారు, మార్చారు. అదే వేసవిలో కొత్త ఇంజినూ పోయింది. అప్పుడు నన్ను పిలిచాడు. ఆయిల్ గేజి పుల్ల బయటికి లాగితే నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంది. వెనక డ్రెయిన్ ప్లగ్గులు విప్పితే నీళ్లు ధారకట్టాయి. పంపుకు వెళ్లే షాఫ్టు బండి అడుగును దాటే చోట ఒక కార్బన్ రింగు, దాన్ని ఒత్తిపట్టే రబ్బరు తిత్తి ఉంటాయి. ఆ తిత్తి చీలిపోయింది. అక్కణ్నుంచి లోపలికొచ్చిన నీళ్లను తిరిగే షాఫ్టు చిమ్ముతుంటే ఇంజిన్ గాలితోపాటు పీల్చుకుంది. మొదటి ఇంజిన్‌ను చంపింది అదే, రెండోదాన్ని చంపిందీ అదే. షాపువాళ్లు కొత్త ఇంజిన్‌కు బిల్లు రాశారు, తిత్తి జోలికి మాత్రం పోలేదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం విన్నాం. ఇక్కడ ఇల్లు కాలింది, కొత్తిల్లు కట్టారు, ఎలుకలు మాత్రం క్షేమం.

ఇది ఒక్క బండి సంగతి కాదు. 2003లో జెట్ స్కీల బ్రాండు సీ-డూ సూపర్‌చార్జర్ తగిలించి 185 హార్స్‌పవర్‌తో వదిలిన జీటీఎక్స్ 4-టెక్‌ను చూడండి. 1,494 సీసీల మూడు సిలిండర్ల రోటాక్స్ ఇంజిన్, గట్టిపిండం. కానీ ఆ తొలితరం సూపర్‌చార్జర్ క్లచ్‌లో సిరామిక్ వాషర్లు పెట్టారు. అల మీద బండి గాల్లోకి లేస్తే పంపుకు నీళ్ల బరువు పోయి ఇంజిన్ రయ్యిమంటుంది. కిందపడగానే ఆ బరువు ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ కుదుపును జారుతూ ఓర్చుకోవాల్సింది ఆ వాషర్లే. 100 గంటలకోసారి విప్పి కొత్తవి వేయాలి. వేయకపోతే పగిలి, ఆ ముక్కలు నేరుగా ఇంజిన్ నూనెలో రాలతాయి. బేరింగులు గీసుకుపోతాయి. ఆనక కంపెనీయే లోహపు వాషర్లకు మారింది. ఇప్పుడు ఆ బండికి కొత్త ఇంజిన్ దింపండి. పాత సూపర్‌చార్జర్, పాత ఆయిల్ కూలరే దానికీ తగిలిస్తారు. కూలర్ సందుల్లో మిగిలిన సిరామిక్ పొడి కొత్త బేరింగుల కోసం కాచుక్కూర్చుంటుంది.

1990ల నాటి రెండు స్ట్రోకుల సీ-డూలదీ ఇదే గతి. వాటిలోని బూడిదరంగు పెట్రోలు గొట్టాలు ఏళ్లు గడిచేసరికి లోపల కరిగి, పచ్చటి జిగురై, కార్బురేటర్‌లోని చిన్న జల్లెడను మూసేస్తాయి. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువవుతుంది, పిస్టన్ వేడెక్కి కరుగుతుంది. గొట్టాలు మార్చకుండా ఇంజిన్ మార్చినవాడు ఇంకో పిస్టన్‌ను బలివ్వడానికి డబ్బు కట్టినట్టే లెక్క.

అసలు కిటుకు ఇంకోటుంది. "బాగుచేసిన ఇంజిన్‌ను నమ్మలేం సార్, మార్చేయండి" అని అమ్మేది చాలాసార్లు ఏమిటనుకున్నారు? ఎవరిదో చచ్చిన ఇంజిన్‌ను విప్పి, బోరు చేసి, రింగులు వేసి, రంగు కొట్టినది! మీ పాత ఇంజిన్ వెనక్కిచ్చేదాకా డిపాజిట్ పట్టుకుంటారు. ఎందుకు? దాన్నీ బాగుచేసి ఇంకొకడికి అమ్మడానికే. మీ ఇంజిన్ మీకు పనికిరాదట, పక్కవాడికి పనికొస్తుందట! బాగుచేయడం నమ్మరాని పనైతే ఆ వ్యాపారమే లేదు కదా?

"ఇక్కడ గంట కూలి ఎక్కువ, విప్పి చూడటం గిట్టదు" అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో పేరున్న మేస్త్రీని అడగండి, "విప్పితేగానీ చెప్పలేను" అంటాడు. ఆ మాటలో ఉన్న నిజాయితీ ఏసీ షోరూములో ఎందుకుండదు? పైగా అన్నిటికీ ఇంజిన్ దింపక్కర్లేదు. ప్లగ్గులు తీసి కంప్రెషన్ చూడటం కాసేపటి పని. సిలిండర్ల మధ్య పది శాతం మించి తేడా వచ్చిందా, అక్కడ ఏదో ఉంది. ఆ సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చెవి పెట్టండి. ఎగ్జాస్ట్ వైపు బుస్సుమంటే వాల్వు, నూనె పోసే మూత దగ్గర వినపడితే రింగులు, కూలెంట్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్. వారంటీ ఉంది కదా అంటారా? ఆ కాగితం చదవండి. నీళ్లు చేరినా, నూనెలో చెత్త పడినా, వేడెక్కినా వర్తించదని రాసుకోవడం మామూలే. అంటే మీ ఇంజిన్ దేనివల్ల పోయిందో, సరిగ్గా దానికే వారంటీ ఉండదు.

ఓనర్లకూ చెప్పాలి. సరస్సు నుంచి వచ్చాక కడిగేటప్పుడు ముందు ఇంజిన్ స్టార్ట్ చేయాలి, తర్వాతే గొట్టంలో నీళ్లు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజిన్. తలకిందులు చేస్తే ఎగ్జాస్ట్‌లో నిండిన నీళ్లు సిలిండర్‌లోకి చేరతాయి. నీళ్లు అణగవు, వంగేది కనెక్టింగ్ రాడ్డే. ఆ పని చేసినవాడు షాపులో "దానంతటదే ఆగిపోయింది" అని బొంకుతాడు. డాక్టర్ దగ్గర, మెకానిక్ దగ్గర దాచినవాడికి బిల్లు తడిసి మోపెడవుతుంది.

కారణం తేలాక నా తీర్పు సూటిగా ఉంటుంది. బ్లాకు పగలకుండా, క్రాంకు బాగుంటే బాగుచేయించండి. పని మీ కళ్లముందే జరుగుతుంది, ఏం వేశారో మీకు తెలుస్తుంది. రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికొస్తే మార్చండి. గాల్వెస్టన్ ఉప్పునీళ్లు క్రాంకు కేసులో రోజుల తరబడి నిలిస్తే బేరింగులు గుంటలు పడతాయి, అక్కడా బేరం లేదు, మార్చండి. రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో పోయిన ఒక్క పిస్టనే మార్చి చేతులు దులుపుకునే చవక పని నాకు అసలు సమ్మతం కాదు. పక్క సిలిండరూ అన్నే గంటలు తిరిగింది, ఆ పెట్రోలే తాగింది. ఇక మొత్తం ఖర్చు అదే మోడల్ నడిచే బండి ధరలో సగం దాటితే, ఉన్నదున్నట్టు చెప్పి విడిభాగాలకు అమ్మేయండి. పాత బండి మీద మోజు గౌరవించదగ్గదే, దానికి అప్పు చేయనక్కర్లేదు.

షాపులో మూడే అడగండి. కంప్రెషన్ ఎంత వచ్చింది? పోయిన భాగాలు నా చేతికిస్తారా? దీన్ని చంపిందేమిటో బిల్లు మీద రాస్తారా? మూడింటికీ జవాబిస్తే వాళ్లు చెప్పిన ధర కట్టండి, బేరమాడకండి. మూడోదానికి నసిగితే బండి ట్రెయిలర్ ఎక్కించండి. కారణం చెప్పలేనివాడికి మందు చెప్పే హక్కు లేదు.