ఆగిపోయిన యాప్‌ను అందుకునేదెవరు?

2024 జూలైలో 'కూ' యాప్ మూతపడింది. తెలుగు సహా పలు భారతీయ భాషల్లో నడిచిన, పెద్ద పెట్టుబడులు దక్కిన సంస్థ అది. పెద్ద ఇంటర్నెట్ కంపెనీలతో, మీడియా సంస్థలతో చర్చలు ఫలించలేదని వ్యవస్థాపకులే చెప్పారు. వాళ్లకే ఎవరూ దొరక్కపోతే, అప్పుచేసి యాప్ తయారుచేసిన దళిత యువకుడి సంగతేమిటి?

కిరాణా దుకాణం ఆగిపోతే సరుకైనా మిగులుతుంది. యాప్‌కు మిగిలేది కోడ్, వాడేవాళ్ల నమ్మకం. అప్‌డేట్ ఆగితే అవీ కరిగిపోతాయి. సర్వర్ బిల్లు మాత్రం నెలనెలా వస్తూనే ఉంటుంది. కాబట్టి త్వరగా ఎవరికైనా అప్పగించాలి. అలాంటివాళ్లు ఎక్కువగా ప్రకటనలతో కాదు, పరిచయాలతో దొరుకుతారు. ఆ పరిచయాలకు కులం లేదని ఎవరైనా అంటే మేం నమ్మం.

ప్రభుత్వ పథకాలేమో మొదలుపెట్టడం దగ్గరే ఆగుతున్నాయి. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా 10 లక్షల నుంచి కోటి రూపాయల రుణం కొత్త సంస్థలకే అంది. 2025 బడ్జెట్‌లో ప్రకటించిన 2 కోట్ల రుణమూ తొలిసారి వ్యాపారంలోకి వచ్చేవారికే. ఒకసారి దిగి ఆగిపోయినవారు ఈ 'తొలిసారి'లోకి రారు.

స్టాండప్ ఇండియాలో కంపెనీలకు 51 శాతం వాటా షరతు కూడా ఉండేది. అలాంటి షరతు వద్దని మేం అనం, బినామీలకు అదో అడ్డు. కానీ బయటివారికి సగానికి మించి ఇస్తే అది దళిత సంస్థగా మిగలదు. అందుకే నిలిచిపోయిన దళిత సంస్థను మరో దళిత వ్యవస్థాపకురాలు కొని నడిపేందుకు విడిగా రుణం కావాలి. సర్వర్ బిల్లులకు ఆరు నెలల సాయం కూడా అందులో ఉండాలి.